పలక మీద మూడో చెయ్యి

పదకొండు గంటల ఆరు నిమిషాలకి మా మరిది కంప్యూటర్ ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోవద్దు," అన్నాను గుమ్మంలోంచే.

అతను వెనక్కి తిరిగాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక అట్టపెట్టె, సీలు వెయ్యడానికి లక్క. నన్ను చూడగానే అతని మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. మా చెల్లెలి పెళ్లి ఫోటోల్లో ఉన్న నవ్వే అది.

"వదినగారూ! మీరేంటి ఇక్కడ?"

"ఇక్కడి డైరెక్టరు పిలిచారు. ముందు ప్లగ్గు వదలండి."

"ఇది సాక్ష్యం. ఆఫ్ చేసి, సీలు వేసి మా ల్యాబ్‌కి తీసుకెళ్తాను. పద్ధతి అదే."

"డిస్కులో ఉన్న సాక్ష్యమైతే అలాగే తీసుకెళ్లండి. మనకి కావలసింది మెమరీలో ఉంది. కరెంటు పోయిన క్షణం తుడిచిపెట్టుకుపోతుంది. ఈ మాట మీకు ఇదివరకే చెప్పాను. మూడో నోట్‌బుక్కులో, పదకొండో పేజీలో."

నవ్వు కాస్త వాడింది.

ఆ నోట్‌బుక్కులు నావి. పోలీసు డిపార్ట్‌మెంటులో పన్నెండేళ్లు పనిచేస్తూ రాసుకున్నవి. చెల్లెలి మొగుడు, నేర్చుకుంటానంటున్నాడు కదా అని ఇచ్చాను. కంప్యూటర్ నేరాల విభాగంలో పెద్ద కుర్చీ ఖాళీ అయినప్పుడు జాబితాలో నా పేరు మొదటిది, అతనిది రెండోది. కూర్చున్నది అతను. నేను రాజీనామా ఇచ్చి బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా "ఈయన ఫోటో పేపర్లో చూశావా అక్కా?" అంటుంది. చూశానే అంటాను. నిజంగానే చూస్తాను. ముందు ఆ పేజీయే తీస్తాను. చూసిన రోజు భోజనం సయించదు.

"కేసు ఎప్పుడో తేలిపోయింది వదినా," అన్నాడు మరిది.

అతని లెక్క ప్రకారం తేలిపోయినట్టే. మేము నిలబడ్డ ఆ పరిశోధన సంస్థలో గాలి సొరంగం ఉంది. వంతెనలు, ఎత్తైన భవనాలు కట్టబోయే ముందు వాటి నమూనాలు అందులో నిలబెట్టి, ఒక చివర ఉన్న పెద్ద ఫ్యాను తిప్పి, గాలికి తట్టుకుంటాయో లేదో చూస్తారు. ఫ్యాను మనిషికి మూడింతల ఎత్తుంటుంది. నిన్న మధ్యాహ్నం మూడూ పద్నాలుగుకి, నమూనాలు తయారుచేసే ఆవిడ లోపల ఉండగానే ఆ ఫ్యాను తిరిగింది. గాలి ఆమెని ఎత్తి వెనకాల ఉన్న ఉక్కు వలకేసి కొట్టింది. భుజం ఎముక విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో చేర్చారు. ఇంకా స్పృహ రాలేదు.

ఫ్యాను మీట నొక్కినవాడు ఆమె భర్త.

"పెళ్లాం లోపలుంది, మొగుడు నొక్కాడు. వంతెన డిజైనర్‌తో ఆవిడ నవ్వుతూ మాట్లాడితే ఇతగాడికి ఒళ్లు మండేదని ఆఫీసంతా చెబుతోంది. ఇంకేం కావాలి?"

"ఫ్యాన్ ప్యానెల్ మీద సొరంగం ‘ఖాళీ’ అని ఎందుకు పడిందో కావాలి."

"పడిందని వాడంటున్నాడు."

"పన్నెండింటి దాకా ఆగండి. అప్పటికీ ఏమీ దొరక్కపోతే మీ లక్క మీదే, మీ పెట్టె మీదే."

కానిస్టేబుళ్లు వింటున్నారని అతనికి గుర్తొచ్చింది. "పెద్దవారు అడిగారు, కాదనలేను," అన్నాడు.

పెద్దవారట! నాకూ అతనికీ నాలుగేళ్లే తేడా.

* * *

ఆమె భర్త, ఫ్యాన్ ఆపరేటర్, కంట్రోల్ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వయసు యాభై రెండు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ అతన్ని ‘గాలి బాబాయ్’ అంటారు. నిన్నటి చొక్కానే ఒంటి మీద ఉంది. ఆస్పత్రిలో భార్యని తలుపు సందులోంచి ఒక్కసారి చూడనిచ్చి పోలీసులు తీసుకొచ్చేశారట.

"మూడింటి నుంచి చెప్పండి," అన్నాను.

"మూడూ పదిహేనుకి వంతెన పరీక్ష అమ్మా. మూడింటికి మా ఆవిడ మోడల్ రూంలోనే ఉంది. మూడూ పన్నెండుకి అక్కడికి ఫోన్ చేశా, ఎత్తలేదు. కాఫీకి వెళ్లిందనుకున్నా. ప్యానెల్ చూస్తే ‘ఖాళీ’ అనుంది. అద్దంలోంచి కూడా చూశా. ఎవరూ కనబడలేదు. మూడూ పద్నాలుగుకి నొక్కా."

"మనిషి లోపలుంటే నొక్కినా తిరగదు కదా?"

"పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తిరగలేదమ్మా. కార్డు పెడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ కార్డు నంబరు కంప్యూటర్‌కి వెళ్తుంది. మళ్లీ కార్డు పెట్టి బయటికొచ్చేదాకా ఫ్యాన్ కదలనే కదలదు."

"కాఫీకి ఎవరితో వెళ్లిందనుకున్నారు?"

అతని దవడ బిగుసుకుంది. "ఎవరితో ఏంటమ్మా?"

"ఒక్కతే వెళ్లిందనుకునే వాళ్ల గొంతు ఇలా ఉండదు బాబాయ్‌గారూ."

స్టూలు అంచుకి జరిగాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు.

"ఆ డిజైనర్ వారానికి రెండుసార్లొస్తాడు. వంతెన చూడాలంటాడు. ఇద్దరూ సొరంగంలోకి వెళ్తారు, తలుపు పడుతుంది. లోపలి మాట బయటికి వినిపించదు. గంటసేపమ్మా! బల్లంత లేని వంతెనని గంటసేపు ఏం చూస్తారు? ఇంట్లో నాతో గంటలో నాలుగు మాటలు మాట్లాడదు. వాడితో నవ్వుతుంది. ఆ నవ్వు నాకు పెళ్లయిన కొత్తలో తెలుసు."

"నిన్న అతను వచ్చాడా?"

"వస్తాడని విన్నా. వచ్చాడో లేదో..." ఆగిపోయాడు. "నాకు తెలీదు."

తెలీదన్న మాట నిజమే. కానీ ఆ తెలియకపోవడమే అతన్ని తినేస్తోంది. భార్య ఆస్పత్రిలో ఉన్నా, పోలీసులు పక్కనే ఉన్నా, కళ్లు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ చూపు నేను గుర్తుపట్టగలను. పొద్దున్నే పేపర్ మడత విప్పేటప్పుడు నా కళ్లూ అలాగే ఉంటాయి.

* * *

సొరంగం తలుపు నిన్న పోలీసులు బద్దలుకొట్టినంత పని చేసి తెరిచారు. మూసుకోకుండా కింద చెక్కముక్క దూర్చి పెట్టారు. కార్డుతో పనిలేకుండా లోపలికెళ్లాను.

మధ్యలో ఇనుప దిమ్మ మీద వంతెన నమూనా. దాని కింద, గాలి తగలని దిమ్మ చాటున, నేల మీద రెండు సన్నటి ఉలులు, ఒక మెత్తటి బ్రష్షు, తడి ఆరని లప్పం డబ్బా. వంతెన అడుగున ఒక స్తంభానికి లప్పం సగం వరకే పూసి ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తల వంతెన కిందికి పెట్టి పనిచేస్తోందన్నమాట. నేనూ అలాగే కూర్చుని కంట్రోల్ గది అద్దం వైపు చూశాను. దిమ్మ తప్ప ఏమీ కనబడలేదు. అటు నుంచి చూసినవాళ్లకీ ఆమె కనబడే వీల్లేదు. అద్దంలోంచి చూశానని బాబాయ్ చెప్పింది అబద్ధం కాకపోవచ్చు.

చెక్క రుద్దిన పొడి నేలంతా సన్నగా పరుచుకుని ఉంది. గాలి సగాన్ని ఊడ్చేసినా దిమ్మ చాటున మిగిలింది. తలుపు దగ్గర పోలీసు బూట్ల గుర్తులు. దిమ్మ చాటున మాత్రం చిన్న చెప్పుల గుర్తులు, ఒక్కరివే.

పదకొండూ ఇరవై మూడు. నోట్‌బుక్కులో రాసుకుని ప్రోగ్రామర్ గదికి వెళ్లాను.

* * *

ప్రోగ్రామర్‌కి ముప్పై ఏళ్లుంటాయి. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి.

"ఒకే కంప్యూటర్‌లో రకరకాల వాళ్ల ప్రోగ్రాములు నడుస్తుంటాయి మేడమ్," అంది. "ఎవరి గది వాళ్లది. ఒకళ్ల మెమరీలోకి ఇంకొకళ్లు తొంగి చూడ్డానికి సిస్టమ్ ఒప్పుకోదు. కానీ ఇక్కడ తలుపు ప్రోగ్రాం నా లాగిన్ మీద నడుస్తుంది. ఫ్యాన్ ప్రోగ్రాం ఫ్యాన్ లాగిన్ మీద నడుస్తుంది. తలుపుకి తెలిసింది ఫ్యానుకి తెలియాలి. అందుకని కొంచెం మెమరీ ఉమ్మడిగా పెట్టించాను. షేర్డ్ మెమరీ. ఇక్కడ అందరం పలక అంటాం."

"దాని మీద ఏం రాస్తారు?"

"లోపలికెళ్లినవాళ్ల కార్డు నంబరు. ఎవరూ లేకపోతే సున్నా. సున్నా ఉంటేనే ఫ్యాన్ తిరుగుతుంది."

"రాసేదెవరు?"

"నా ప్రోగ్రాం ఒక్కటే. ఫ్యాన్ లాగిన్‌కి చదివే హక్కు ఉంది, రాసే హక్కు లేదు. మిగతా వాళ్లకి అసలేమీ లేదు."

"చూపించమ్మా. పలక మీద ఎవరికి ఏ హక్కుందో, ఇప్పుడు ఎవరెవరు పట్టుకుని ఉన్నారో."

ఆమె వేళ్లు ఒక్క క్షణం తటపటాయించాయి. తర్వాత టైపు చేసింది. తెర మీద వరుస పడింది.

యజమాని, ఆమె లాగిన్. చదివే హక్కు, అందరికీ. రాసే హక్కు, అందరికీ. హక్కులు మార్చిన సమయం నిన్న రెండూ యాభై రెండు. చివరిగా ఒక ప్రోగ్రాం వచ్చి పలక పట్టుకున్న సమయం రెండూ యాభై ఐదు. ప్రస్తుతం పట్టుకుని ఉన్న ప్రోగ్రాములు, మూడు.

రెండుసార్లు చదివాను.

"రెండుండాలి కదా? తలుపు, ఫ్యాను. మూడోది ఎవరిది?"

"తెలీదు మేడమ్."

"హక్కులు ఎవరు మార్చగలరు?"

"యజమాని. లేదంటే సిస్టమ్ అధికారి. ఆయన పది రోజులుగా సెలవులో ఉన్నారు."

"అంటే మిగిలింది?"

"...నేనే. కానీ నేను మార్చలేదు మేడమ్! రెండూ యాభై రెండుకి డైరెక్టరు గదిలో మీటింగులో ఉన్నా. నా సీట్లో ఎవరో కూర్చుని..."

"ఏంటి, తేలిందా?" మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రెండు ప్రోగ్రాములు ఉండాల్సిన చోట మూడున్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి ఇంకెవరో ఈ పలకని పట్టుకునే ఉన్నారు. ఇప్పుడు కూడా."

వంగి తెర చూశాడు. "ఆ మూడోది మీరిప్పుడు చూడ్డానికి తెరిచిందే అయ్యుంటుంది."

"జాబితా చూడ్డానికి పలక పట్టుకోనక్కర్లేదు. అదీ నోట్‌బుక్కులో ఉంది."

ప్రోగ్రామర్ ముందు అన్నాను ఆ మాట. కావాలనే అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ హక్కులూ పలకలూ కోర్టులో ఎవడికి అర్థమవుతాయి వదినా? అంతకంటే సుళువు నేను చెబుతా. నేను కార్డు పెట్టి సొరంగంలోకెళ్తా, తలుపేసుకుంటా. వాడి చేత మీట నొక్కిస్తా. ఫ్యాన్ తిరగదు. కంప్యూటర్ మంచిదే, నిన్న వాడే ఏదో మాయ చేశాడని ఒక్క నిమిషంలో తేలిపోతుంది."

"ఆ మూడోదేంటో తెలిసేదాకా అలాంటి పిచ్చిపని చెయ్యొద్దు."

నా మొహంలోకి చూశాడు. "సరే వదినా," అని వెళ్లిపోయాడు.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నాది పైచెయ్యి అయిందన్న సంతోషంలో ఉన్నాను.

"పలక మీద ఏ క్షణానికి ఏముందో కనిపించేలా పెట్టు," అని ప్రోగ్రామర్‌కి చెప్పి, బల్ల మీది ఇంటర్‌కామ్‌లో డైరెక్టరుని పిలిచాను.

"నిన్న మీటింగు ఎన్నింటికండీ?"

"మూడింటికి."

"ప్రోగ్రామర్ ఎప్పుడొచ్చింది?"

"అందరికంటే ఆఖర్న. మూడూ రెండుకి. ఆలస్యమేంటని నేనే కసిరాను. ఏం?"

ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాను. పెదవులు తెల్లబడ్డాయి. తెర మీద మూలన చిన్న చదరంలో సున్నా వెలుగుతోంది.

"రెండూ యాభై రెండుకి నువ్వు ఈ సీట్లోనే ఉన్నావు. ఎవరి కోసం తెరిచావు?"

ఆమె నా వైపు చూడటం లేదు, చదరం వైపు చూస్తోంది.

సున్నా పోయింది. 90 పడింది.

"తొంభై ఎవరు?"

"విజిటర్ కార్డు మేడమ్. పొద్దున పోలీసాయనకిచ్చారు."

పదకొండూ నలభై ఒకటి. మరిది సొరంగంలోకి వెళ్లాడు.

ఒక్క సెకను. 90 పోయింది. మళ్లీ సున్నా.

"బయటికొచ్చేశాడా?"

"లేదు! తలుపు మూసే ఉంది. ఇది నా ప్రోగ్రాం రాసింది కాదు మేడమ్, ఇంకెవరో చెరిపేశారు!"

కాళ్ల కింద నేల సన్నగా వణికింది. ఎక్కడో బరువైనదేదో తిరగడం మొదలుపెట్టిన మూలుగు గోడల్లోంచి వచ్చింది. కంట్రోల్ గది వైపు నుంచి బాబాయ్ అరుపు. "ఆపనివ్వండయ్యా! నన్ను వదలండి, ఆపనివ్వండి!"

కారిడార్‌లోకి ఉరికాను. కంట్రోల్ గది తలుపు తెరిచే ఉంది. మీట నొక్కిన వెంటనే ఇతన్ని ప్యానెల్‌కి దూరంగా లాగెయ్యండి, ఇంకేమీ ముట్టుకోనివ్వొద్దు అని మరిది చెప్పి వెళ్లాడట. కానిస్టేబుళ్లిద్దరూ ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. బాబాయ్‌ని గోడకి అదిమిపెట్టారు. ఆపే బటన్ ఏదో వాళ్లకి తెలీదు. ఫ్యాన్ తిరిగితే తలుపు తనంతట తనే బిగుసుకుంటుంది. లోపలివాడు బయటికి రాలేడు.

ప్రోగ్రామర్ గదికి మూడడుగుల దూరంలో గోడకి ఎర్ర పిడి ఉంది. అది లాగితే ఆ భాగమంతటికీ కరెంటు పోతుంది, ఫ్యానుకీ కంప్యూటర్‌కీ కూడా.

పిడి మీద చెయ్యి వేశాను. లాగలేదు.

ఎంతసేపు? ఊపిరి ఒకసారి తీసుకుని వదిలినంతసేపు. ఇంకో ఊపిరి కూడా కావచ్చు. ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం సిద్ధంగానే ఉంది. లాగితే మెమరీ పోతుంది, అరగంట నుంచి నేను కాపాడుతున్న సాక్ష్యం పోతుంది. కానీ నా తలలో ఉన్నది సాక్ష్యం కాదు. ఒక ఖాళీ కుర్చీ కనబడింది. అందులో నేను కూర్చుని ఉన్నాను. ఎదురుగా నా నోట్‌బుక్కులు వరసగా పేర్చి ఉన్నాయి. మా చెల్లెలు కనబడలేదు. దాని మొహం ఆ క్షణంలో నాకు గుర్తుకే రాలేదు.

మూలుగు ఈలగా మారింది. అప్పుడు లాగాను.

దీపాలు ఆరిపోయాయి. ఈల మెల్లగా దిగి మూలుగై, ఆగిపోయింది. నా వెనక గదిలో కంప్యూటర్ కూడా ఆగిపోయింది.

* * *

కరెంటు పోవడంతో తలుపు బిగింపు వదిలింది. టార్చి వేసుకుని లోపలికెళ్లేసరికి మరిది బోర్లా పడుకుని, ఇనుప దిమ్మని రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు. వంతెన ముక్కలైపోయింది. అతని టోపీ వెనకాల ఉక్కు వలకి అతుక్కుని ఉంది.

"ఏమైనా తగిలిందా నీకు? లే, ముందు లే!" ఎప్పుడూ లేనిది ‘నువ్వు’ అన్నానని తర్వాత గుర్తొచ్చింది.

లేచి కూర్చున్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నొక్కమన్నది నేనే," అన్నాడు. "నొక్కగానే లాగెయ్యమన్నదీ నేనే."

"సరేలెండి, ముందు బయటికి రండి."

"శబ్దం మొదలైనప్పట్నుంచి లెక్కపెడుతూనే ఉన్నా వదినా. లోపల ఇంకేం చెయ్యడానికి లేదు కదా. ఇరవై రెండు దాకా వచ్చింది." టార్చి వెలుగులో నా వైపు తలెత్తాడు. "ఆ గదికీ పిడికీ మూడడుగులే కదా?"

"పిడి బిగుసుకుపోయి ఉంది," అన్నాను.

అతను మళ్లీ అడగలేదు. నా చెయ్యి అందుకుని లేచాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. నాది కూడా.

కారిడార్‌లో ప్రోగ్రామర్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మరిది నడిచి రావడం చూశాక ఆ ఏడుపు మధ్యలోంచే మాటలొచ్చాయి.

"బాబాయ్ అడిగాడు మేడమ్. లోపల ఎవరున్నారో చూపించే చిన్న బోర్డు తయారుచేసి తలుపు బయట పెడతానన్నాడు. పిన్ని పనిలో ఉంటే ఎవరూ తలుపు బాదకుండా ఉంటారు, పిన్నికి చెప్పకు, చూసి సంతోషిస్తుంది అన్నాడు. ఫ్యాన్ లాగిన్ డ్యూటీది, అందులో వేరే ప్రోగ్రాములు పెట్టనివ్వరు. అందుకని తన సొంత లాగిన్ నుంచి చదువుకుంటానన్నాడు. చదివే హక్కు ఒక్కటే ఇవ్వాల్సింది. మీటింగుకి పిలుస్తున్నారు, తొందరలో అందరికీ రెండూ ఇచ్చేశాను. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. బాబాయ్ ఏం చేస్తాడులే అనుకున్నా. పిన్నంటే ప్రాణం ఆయనకి."

మరిది నా వైపు చూశాడు. "చూశారా? మొగుడే. నేను మొదట్నుంచీ అంటున్నదే."

అవును, అతను అన్నదే. ఇరవై రెండు లెక్కపెట్టించాక కూడా, అతను నెగ్గడం చూడలేకపోయాను.

"ముందు ఆ ప్రోగ్రాం అతని చేతే తెరిపిద్దాం," అన్నాను.

* * *

పన్నెండూ పదికి కరెంటు తిరిగొచ్చింది. కంప్యూటర్ లేచింది. నిన్నటి పలక జాడ లేదు. కొత్త పలక, దాని మీద ఉత్త సున్నా. కానీ డిస్కు మీద రాసుకున్నవి ఎక్కడివక్కడే ఉంటాయి.

బాబాయ్‌ని కంట్రోల్ గదిలో ఉన్న తెర ముందు కూర్చోబెట్టి సొంత లాగిన్ తెరవమన్నాను. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదని అతనికీ అర్థమైంది. పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీదికి పదిహేను లైన్ల చిన్న ప్రోగ్రాం వచ్చింది.

"సాయంత్రం క్లాసులకెళ్లి నేర్చుకున్నానమ్మా," అన్నాడు. తప్పు ఒప్పుకుంటున్న గొంతులోనూ కాస్త గర్వం ఉంది. "నిన్న మూడింటికి ముందే మొదలెట్టా. వాళ్లిద్దరూ కలిసి ఎన్నింటికి వెళ్తున్నారో, ఎంతసేపుంటున్నారో... ఒక్కసారి కాయితం మీద కనబడితే చాలనుకున్నా. ఆవిణ్ణి ఏమీ చెయ్యాలని కాదు. తెలిస్తే చాలు. తెలీకపోతే నిద్ర పట్టదు."

"ఫైల్ ఇంకా చూసుకోలేదా?"

"డ్యూటీ దిగాక చూద్దామనుకున్నా. ఈలోపే..."

నేను ప్రోగ్రాం చదువుతున్నాను. పలక మీది నంబరు చదవడం. సున్నా కాకపోతే ఫైల్లో రాయడం. పలక మీద సున్నా పెట్టడం. ఒక సెకను ఆగడం. మళ్లీ మొదటికి.

"ఈ సున్నా పెట్టడం ఎందుకు?" అని అడిగాను.

"చెరపకపోతే అదే నంబరు సెకనుకోసారి ఫైల్లో పడుతూనే ఉంటుంది కదమ్మా? ఆవిడ నంబరు ఒకసారి రాసుకుని చెరిపేస్తే, తర్వాత పడేది కొత్త నంబరని తెలుస్తుంది. వాడిది పడితే..." చూపుడు వేలితో తెర మీద చూపిస్తూ, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "వాడిది వెంటనే దొరికిపోతుంది."

మరిది ఊపిరి బిగబట్టడం నా భుజం పక్కన వినిపించింది. అతనికి అర్థమైంది. లక్క ముద్ద పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఫైల్ తెరవండి," అన్నాను.

రెండే లైన్లు.

నిన్న, మూడూ ఎనిమిది, 27.

ఈరోజు, పదకొండూ నలభై ఒకటి, 90.

"ఇరవై ఏడు మా ఆవిడది," అన్నాడు బాబాయ్. మొహం తెరకి దగ్గరగా పెట్టాడు. ఒకసారి పైకీ కిందికీ చూశాడు. "ఇరవై ఏడు తర్వాత ఇంకో నంబరు లేదా?"

"లేదు."

"మధ్యలో ఏదైనా పోయిందేమో?"

"పోలేదు. సొరంగంలో చెక్కపొడి మీద కూడా ఆమె అడుగులే ఉన్నాయి. ఒక్కతే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, వంతెన స్తంభానికి లప్పం పూస్తోంది."

"వాడు రాలేదా?"

"రాలేదు బాబాయ్‌గారూ."

అతని భుజాలు వాలాయి. మొహం తేటపడింది. ఎన్నో నెలలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. పెదవుల మీద నవ్వులాంటిది కూడా వచ్చింది. ఆ నవ్వు వచ్చాకే అతని చూపు మళ్లీ తెర మీదికి, తను రాసిన పదిహేను లైన్ల మీదికి పోయింది. ‘సున్నా’ అన్న లైను దగ్గర ఆగింది. తర్వాత ఎదురుగా ఉన్న ప్యానెల్ మీదికి వెళ్లింది. అక్కడ ‘ఖాళీ’ అని పచ్చగా వెలుగుతోంది.

నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. కళ్లు మాత్రం మారిపోయాయి.

"మూడూ ఎనిమిదికి ఆవిడ కార్డు పెట్టింది," అన్నాడు చాలా మెల్లగా. "పడిన నంబరు నేను చెరిపేశా. నేనే చెరిపేసి, నేనే చూసి, నేనే..."

మరిది జేబులో ఫోన్ మోగింది. విన్నాడు. "ఆ. ఎప్పుడు? సరే," అని పెట్టేశాడు. అతని గొంతు ఎప్పుడూ అలా వినలేదు.

"స్పృహ వచ్చిందట," అన్నాడు. "భర్తని పిలవమంటోందట. తను లోపలున్నప్పుడు ఫ్యాన్ తిరిగిందంటే ఆయనకేదో అయ్యుంటుంది, బాగానే ఉన్నాడా, అని అడుగుతోందట."

బాబాయ్ లేవలేదు. చొక్కా బొత్తాం ఒకటి విడిపోయి ఉంటే పెట్టుకోబోయాడు. అది కాజాలో పడలేదు.

"ఆవిడకి ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు.

మరిది నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. మరిది వంగి ఆ బొత్తాం కాజాలో పెట్టాడు.